కల మాస్కు సమీక్ష: వెలుగు అది ఇస్తుంది, గుర్తుపట్టాల్సింది మనమే

కల నడుస్తుండగానే "ఇది కల" అని తెలిసేలా చేస్తాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే మాస్కులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కనురెప్పల కింద గుడ్ల కదలికను సెన్సరుతో పసిగట్టి లైటు వేస్తుంది. 1990ల్లో అమెరికా కలల పరిశోధకుడు స్టీఫెన్ లబెర్జ్ బృందం తెచ్చిన నోవాడ్రీమర్ ఆ బాపతు. రెండోదానికి కల వచ్చిందో లేదో తెలియదు, టైమరు చెప్పినప్పుడు వెలుగుతుంది అంతే. 2012లో జనం దగ్గర ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైటు ద్వారా వచ్చిన రెమీ ఇలాంటిదే. చవకగా దొరికేదీ ఇదే కాబట్టి ఈ సమీక్ష టైమరు రకం గురించి.

లోపల పెద్ద యంత్రాంగమేమీ ఉండదు. స్పాంజి మధ్యలో సన్నని సర్క్యూట్, చిన్న ఎరుపు ఎల్‌ఈడీలు, బ్యాటరీ. ఎరుపే ఎందుకంటే మూసిన రెప్పల గుండా బాగా దిగేది ఆ రంగే. మొదటి వెలుగుకు ముందు ఎంతసేపు ఆగాలి, ఎన్ని నిమిషాలకోసారి రావాలి, ఎంత కాంతి ఉండాలి అన్న మూడూ మన చేతిలో ఉన్న మాస్కే కొనాలి. కాంతి తగ్గించే వీలు లేనిది ఎంత చవకైనా వద్దు.

కలలు ఎందుకొస్తాయన్న దానిమీద శాస్త్రవేత్తలకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. మెదడు అడుగున ఉండే కాండం నుంచి వచ్చే సంకేతాలను పైమెదడు కథగా అల్లుకుంటుందని 1977లో హాబ్సన్, మెక్‌కార్లీ అన్నారు. జ్ఞాపకాలను, భయాలను సర్దుకునే పని అని మరికొందరంటారు. మాస్కు వాడేవాళ్లకు పనికొచ్చే విషయం వేరే ఉంది. కనుగుడ్లు చకచకా కదులుతూ కలలు ఎక్కువగా వచ్చే దశను రెమ్ నిద్ర అంటారు. అందులో నుదుటి వెనక, తర్కించే భాగం మందకొడిగా ఉంటుంది. అందుకే పోయిన తాతయ్య కలలోకొచ్చి కాఫీ అడిగినా మనకు అనుమానం రాదు. బయటి వెలుగుతో ఆ అనుమానాన్ని కాస్త కదిలించడమే మాస్కు చేసే ప్రయత్నం.

కలలో ఉండగానే అది కల అని తెలియడం సాధ్యమేనని 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ నమోదు చేశారు. అలన్ వర్స్‌లీ అనే వ్యక్తి నిద్రలోంచే ముందుగా అనుకున్న ప్రకారం కళ్లు కుడిఎడమలకు తిప్పి సైగ చేశారు. 2021లో వెలువడిన పరిశోధనలో కలలో ఉన్నవాళ్లను ప్రశ్నలే అడిగారు. 158 ప్రయత్నాల్లో సరైన జవాబులు 18.4 శాతం. ఎలక్ట్రోడ్లు పెట్టి, నిపుణులు కాచుకుని కూర్చుంటేనే ఆ మాత్రం. కాబట్టి మాస్కు పెట్టుకున్న మొదటి రాత్రే కలలో ఎగరొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక అమర్చుకోవడం. నిద్ర ఒక చుట్టు సుమారు 90 నిమిషాలు, తెల్లవారే కొద్దీ రెమ్ భాగం పెరుగుతుంది. రాత్రి పడుకునేవాళ్లు మొదటి వెలుగును నాలుగున్నర గంటల తర్వాతకు పెట్టుకోవాలి. నిద్ర పట్టడానికి అరగంట పడితే అదీ కలపాలి; చాలామంది మరిచేది ఇదే. 90 అన్నది సగటు మాత్రమే, మనిషిని బట్టి, రాత్రిని బట్టి మారుతుంది. అందుకని ఒకే వెలుగు మీద ఆధారపడకుండా 10, 15 నిమిషాలకోసారి వచ్చేలా పెట్టుకుంటే మేలు. కాంతిని అన్నిటికన్నా తక్కువలో మొదలుపెట్టి రోజుకో మెట్టు పెంచండి. మెలకువ వచ్చేస్తే ఒక మెట్టు దించండి.

అసలు కష్టం తర్వాతే. ఆ వెలుగు కలలోకి వెలుగులా రాదు. పెళ్లింటి సీరియల్ బల్బులవుతుంది, ఎదురొచ్చే లారీ లైట్లవుతుంది, మెరుపవుతుంది. కల దాన్ని కథలో కలిపేసుకుని ముందుకెళ్లిపోతుంది. పగలు సాధన లేకపోతే మాస్కు రాత్రంతా మెరిసినా దండగే. రోజూ సాయంత్రం మాస్కు పెట్టుకుని ఆ మెరుపు వరస చూస్తూ "ఇది కనిపిస్తే నేను కలలో ఉన్నట్టు" అనుకోవాలి. పగలు ఎక్కడ ఎర్రలైటు మెరిసినా ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడాలి. కలలో ముక్కు మూసినా ఊపిరి ఆడుతుంది. కలా నిజమా తేల్చుకోవడానికి చేతివేళ్లు లెక్కపెట్టడం, రాసింది రెండుసార్లు చదవడం కూడా ఉన్నాయి గానీ, ముక్కు పరీక్షే నమ్మదగ్గది. తలగడ పక్కన నోటుబుక్కు పెట్టుకుని లేవగానే కల రాయడం మాస్కు కొనకముందే మొదలవ్వాలి. కల గుర్తుండనివాళ్లకు వెలుగు వచ్చిందో లేదో కూడా తెలియదు.

కల అని తెలియగానే సంతోషంతో మెలకువ వచ్చేయడం కొత్తవాళ్లందరికీ జరిగేదే. కలలోనే అరచేతులు గట్టిగా రుద్దుకుంటే కల నిలబడే అవకాశం ఎక్కువ.

మాస్కు తెచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. పక్కకు తిరిగి పడుకుంటే ఎల్‌ఈడీ కంటి మీద నుంచి జరిగిపోతుంది. పట్టీ బిగిస్తే తలనొప్పి, వదులు చేస్తే జారుడు. వేసవిలో ఉక్కపోతకు స్పాంజి తడిసి వాసన పడుతుంది, ఉతకడానికి విడిగా వచ్చే గుడ్డ ఉండాలి. మధ్యలో లేచినప్పుడు ఒళ్లు కదలకపోతే కంగారు పడొద్దు. రెమ్ నిద్రలో కండరాల పట్టును మెదడే వదిలిస్తుంది, ఆ స్థితి కాసేపు కొనసాగిందంతే. దయ్యం గుండెల మీద కూర్చుందని పెద్దవాళ్లు చెప్పేది దీన్నే.

మూర్ఛ ఉన్నవాళ్లు, భ్రమలు కలిగే మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. పీడకలలు తగ్గించుకోవడానికైతే మాస్కు అక్కర్లేదు. పీడకల ముగింపును మెలకువలో మార్చి రాసుకుని, ఆ కొత్త కథను రోజూ కాసేపు ఊహించుకునే పద్ధతికి వైద్యంలోనే చోటుంది.

హైదరాబాద్, బెంగళూరుల్లో నైట్ షిఫ్టు చేసి పొద్దున ఏడింటికి పడుకునేవాళ్లకు నాలుగున్నర గంటల లెక్క పనికిరాదు. రెమ్ నిద్ర శరీర గడియారంతో ముడిపడి ఉంటుంది, తెల్లవారుజామున, ఉదయం అది వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లకు కలలు నిద్ర మొదట్లోనే దండిగా వస్తాయి. గంటన్నర దగ్గర మొదలుపెట్టి, నోటుబుక్కులోని కలల వేళలు చూసుకుంటూ ముందుకో వెనక్కో జరుపుకోవాలి.