కోతో క్లాసు: నలుగురితో కలిసి వాయించాలంటే చేరండి, సోలో కోసమైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి

సికింద్రాబాద్ వైపు నడిచే ఈ కోతో క్లాసులో చేరి, స్టూడెంట్స్ ప్రోగ్రాం దాకా వాయించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, తగ్గించిన ఆ ఒక్కటీ పూర్తిగా ఏర్పాట్ల వల్లే, పాఠం వల్ల కాదు.

తెలియనివాళ్లకి ముందుగా: కోతో జపాన్ వాద్యం. దాదాపు ఆరడుగుల పొడవు, పౌలోనియా చెక్కతో చేసిన బోలు పెట్టె, పైన 13 తీగలు, ఒక్కో తీగ కింద ఒక్కో బ్రిడ్జి. మన వీణకిలా మెట్లుండవు, బ్రిడ్జిని జరిపే శ్రుతి చేసుకోవాలి. కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి 'త్సుమే' అనే గోళ్లు తొడుక్కుని మీటుతారు. ఇక్కడ నేర్పేది ఇకుతా పద్ధతి కాబట్టి గోళ్లు చదరంగా ఉంటాయి, యమదా పద్ధతివి కొన గుండ్రంగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో చూసి ముందే కొనేయకండి, వేళ్ల కొలత తీసుకుని వాళ్లే తెప్పిస్తారు. వాటి ఖర్చు ఫీజులో కలవదన్న సంగతి మాత్రం చేరాక గానీ చెప్పరు, అదొక చిరాకు.

కర్ణాటక సంగీతం కొంచెం వచ్చినవాళ్లకి మొదటి నెల సరదాగా గడిచిపోతుంది. 'సకురా' పాటకి పెట్టే హిరజోషి శ్రుతిలో అయిదో తీగను షడ్జమం అనుకుని పైకి వెళ్తే శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం వస్తాయి, అంటే కర్ణాటక శుద్ధ సావేరి స్వరాలే. మా బ్యాచ్‌లో వీణ నేర్చుకున్న ఒక ఆంటీ అది వినగానే ఆలాపన మొదలుపెట్టేశారు, సెన్సెయ్ గారు (జపనీస్‌లో గురువు అని, అందరం అలాగే పిలుస్తాం) ఆపకుండా నవ్వుతూ విన్నారు. గమకం అలవాటున్నవాళ్లకి అసలు కష్టం ఎడమచేత్తో వస్తుంది. వీణలో తీగను పక్కకి లాగుతాం కదా, ఇక్కడ బ్రిడ్జికి ఎడమ పక్కన తీగను కిందికి నొక్కి అర స్వరమో, ఒక స్వరమో పైకి తేవాలి, నొక్కిన చోటే కచ్చితంగా నిలపాలి. కొన్నాళ్లు వేళ్లు మండుతాయి.

ఈ క్లాసు నిజంగా బాగా చేసేది గుంపు సాధన. ప్రోగ్రాంకి 'రోకుదాన్' ఇచ్చారు. 1614లో పుట్టి 1685లో పోయిన యత్సుహాషి కెంగ్యో కట్టాడని చెప్పుకునే పాత రచన అది. ఆరు భాగాలు, మొదటిదాంట్లో నాలుగు ఎక్కువ గానీ మిగతా అన్నింటిలో 104 దెబ్బలే, అంటే ఆది తాళంలో లెక్కేస్తే సరిగ్గా 13 ఆవర్తనాలు. ఇది తెలిశాక మేమంతా తొడ మీద తాళం వేసుకుంటూ వాయించబోయాం, అది అస్సలు కుదరలేదు, ఎందుకంటే ఈ పాట నెమ్మదిగా మొదలై పోనుపోను వేగం పెరుగుతూ చివర్లో మళ్లీ నెమ్మదిస్తుంది, ఎక్కడ ఎంత పెరగాలో ఏ చేతి లెక్కా చెప్పదు. అందుకని సెన్సెయ్ గారు మమ్మల్ని వీపులు ఆనించి కూర్చోబెట్టి, వెనకున్నావిడ ఊపిరి పీల్చే చప్పుడు విని మొదటి తీగ మీటమన్నారు. మొదట్లో ఒకళ్ల తర్వాత ఒకళ్లం వడగళ్లు పడ్డట్టు మీటాం. ఆంటీ అయితే "అంకెలు వదిలేయమ్మా, నా ఊపిరి విను చాలు" అని నన్ను కసిరేవారు. భాగాల లెక్క సమానం కాబట్టి ఒక జట్టు రెండో భాగం, ఇంకో జట్టు మూడో భాగం ఒకేసారి వాయించే కసరత్తు కూడా చేయించారు. పక్కవాళ్ల స్వరం వింటూ మన చోటు పోగొట్టుకోకుండా ఉండటం అలాగే అలవాటైంది. ఇలాంటిది యూట్యూబ్ చూసి ఒంటరిగా నేర్చుకోలేం.

ఇక ఏర్పాట్లు. ఇద్దరికి ఒక కోతో, ఇంటికి ఇవ్వరు, సాధనకి స్లాట్ దొరకాలంటే వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు మెసేజ్ పెట్టాలి. 17 తీగల బాస్ కోతో (మియాగి మిచియో 1921లో రూపొందించినది) లేదు. ఆ భాగం ఉన్న పాటలొస్తే కీబోర్డు మీద వాయిస్తారు, నాకది అస్సలు నచ్చలేదు, దానికంటే ఆ పాట మానేయడమే నయం. మియాగిదే 'హరు నో ఉమి' నేర్చుకుందామని వచ్చేవాళ్లు కూడా ముందే అడగండి, అది కోతో, షకుహచి వేణువు జంటకి రాసింది, ఇక్కడ షకుహచి వాయించేవాళ్లు లేరు.

ప్రోగ్రాం రోజు ఉదయం వాద్యాలన్నీ ట్రాలీ ఆటోలో హాలుకి చేరాయి. దారిలో పడిపోతాయని బ్రిడ్జిలన్నీ తీసేస్తారు కాబట్టి స్టేజీ మీద ఒక్కొక్కటీ మళ్లీ నిలబెట్టి, ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని శ్రుతి చేయాలి. మాకు దొరికిన టైమేమో ముందు డాన్స్ ఐటమ్ వాళ్లు దిగి కర్టెన్ లేచేలోపు. ఇంత టెన్షన్ అవసరమే లేదు, పక్క గదిలో శ్రుతి చేసి నలుగురు కలిసి మోసుకొస్తే సరిపోయేది. మూడో భాగంలో పక్కావిడ బ్రిడ్జి ఒకటి ఠప్‌మని పడిపోయింది. ఆవిడ ఆ తీగను వదిలేసి మిగతావాటితో లాగించేశారు, మా ఊపిరి లెక్క తప్పలేదు, వేగం కూడా అందరం కలిసే పెంచాం. ఆ వీపుల సాధన లేకపోతే అక్కడే ఆగిపోయేవాళ్లం.

సోలో కచేరీ స్థాయికి తీసుకెళ్తారా అంటే, నాకు కనిపించినంతలో లేదు. పాఠాలన్నీ గుంపు చుట్టూనే ఉంటాయి, విడిగా పాఠం చెప్పరు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భయపడక్కర్లేదు, క్లాసులో స్టాండు మీద పెట్టి కుర్చీలో కూర్చునే వాయించవచ్చు. స్టేజీ మీద మాత్రం కింద కూర్చోమంటారు, ముందే చెప్తే వెనక వరసలో కుర్చీ వేస్తారు. క్లాసు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. బండి ఎదురు సందులో పెట్టుకోవాలి, శనివారం అయితే అక్కడా చోటు దొరకదు.