ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ రివ్యూ: బెంగళూరు అపార్ట్‌మెంట్ టెర్రస్ నుంచి సీక్యూ వరల్డ్‌వైడ్‌కి

హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) కాంటెస్ట్ లాగింగ్‌కి, అంటే పోటీలో కలిసిన స్టేషన్లని నమోదు చేయడానికి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని ఏ హ్యామ్‌ని (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌ని) అడిగినా మొదట వచ్చే పేరు ఎన్1ఎంఎం లాగర్ ప్లస్. మొదలుపెట్టినాయన కాల్‌సైనే (లైసెన్స్‌తో వచ్చే రేడియో గుర్తింపు) దాని పేరు. ఇప్పుడు స్వచ్ఛందంగా పనిచేసే బృందం దాన్ని నడిపిస్తోంది. పైసా కట్టక్కర్లేదు. విండోస్ మీద మాత్రమే నడుస్తుంది.

ఈ రివ్యూ ఎవరికంటే, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉంటూ, అసోసియేషన్‌ని ఒప్పించి టెర్రస్ మీద ఒక డైపోల్ (తీగ యాంటెనా) కట్టుకుని, 100 వాట్ల రేడియోతో సీక్యూ వరల్డ్‌వైడ్ అనే అంతర్జాతీయ రేడియో పోటీకి దిగుదామనుకునే మన తెలుగు హ్యాములకి. ఫీచర్ల జాబితా కావాలంటే వాళ్ళ మాన్యువల్‌లో పేజీలకు పేజీలు ఉంది. ఇక్కడ చూసేది ఒక్కటే: ఇందులో ఏ విండో మనకి వినడంలో సాయం చేస్తుంది, ఏ విండో మన బదులు తానే వింటుంది. అసిస్టెడ్ (బయటి సాయంతో), అన్-అసిస్టెడ్ (సొంత చెవితోనే) అనే కేటగిరీల తేడా అంతా అక్కడే ఉంది.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎస్ఎస్‌బీ (మాటలతో ఆడే) పోటీ అక్టోబర్ చివరి పూర్తి వారాంతంలో, సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) నవంబర్ చివరి పూర్తి వారాంతంలో. యూటీసీ ప్రకారం 48 గంటలు, అంటే మనకి శనివారం తెల్లవారి 5:30కి మొదలై సోమవారం 5:29కి అయిపోతుంది. ఇచ్చిపుచ్చుకునేది (దీన్నే ఎక్స్‌ఛేంజ్ అంటారు) సిగ్నల్ రిపోర్ట్, సీక్యూ జోన్ (పోటీ కోసం ప్రపంచాన్ని విడగొట్టిన భాగం) నంబర్. మనది 22. వేరే ఖండం స్టేషన్‌కి 3 పాయింట్లు, ఆసియాలోనే వేరే దేశానికి 1, మన దేశంలోవాళ్ళకి సున్నా, కాకపోతే మల్టిప్లయర్‌గా (మొత్తం పాయింట్లని గుణించే కొత్త దేశం లేదా జోన్‌గా) పనికొస్తారు.

ఇన్‌స్టాల్ చేయడం కష్టం కాదు, రేడియోతో కలపడమే కాస్త తలనొప్పి. ఐకామ్ ఐసీ-7300 ఉంటే యూఎస్‌బీ డ్రైవర్ ముందు వేసి, తర్వాతే కేబుల్ గుచ్చండి. కాన్ఫిగరర్‌లో హార్డ్‌వేర్ ట్యాబ్‌కి వెళ్ళి కామ్ పోర్ట్, స్పీడ్ 19200, సీఐ-వీ అడ్రస్ (కంప్యూటర్ ఈ రేడియోని గుర్తుపట్టే అంకె) 94 పెట్టాలి. కామ్ పోర్ట్‌లోని రెండు సంకేత లైన్లలో డీటీఆర్‌ని సీడబ్ల్యూకి, ఆర్‌టీఎస్‌ని పీటీటీకి (ట్రాన్స్‌మిట్ ఆన్ చేయడానికి) ఇవ్వాలి. రేడియోలో కనెక్టర్ల మెనూలోనూ యూఎస్‌బీ కీయింగ్‌ని డీటీఆర్‌కి, యూఎస్‌బీ సెండ్‌ని ఆర్‌టీఎస్‌కి మార్చాలి. రెండు చోట్లా ఒకటే ఉండాలి, లేకపోతే మెసేజ్ పంపే ఎఫ్1 కీ నొక్కినా రేడియో ఉలకదు పలకదు. ఇంకో తంటా ఉంది: కంప్యూటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఈ లైన్లు ఒక్కసారి పైకి లేస్తాయి, రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్తుంది. కాబట్టి విండోస్ పూర్తిగా లేచాకే రేడియో ఆన్ చేయండి.

ఎస్ఎస్‌బీకి గొంతు రికార్డ్ చేసిన వేవ్ ఫైళ్ళని ఎఫ్ కీలకి ఇచ్చుకోవచ్చు. 48 గంటలు అరవనక్కర్లేదు కనుక ఇది నిజంగా వరం. కానీ రేడియో యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే విండోస్ ఆ సౌండ్ కార్డ్‌నే డిఫాల్ట్‌గా తీసేసుకుంటుంది. అప్పుడు ఆఫీసు చాట్‌లో మెసేజ్ వస్తే ఆ టింగుమన్న చప్పుడు 20 మీటర్లలో ప్రపంచమంతా వింటుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ డివైస్‌గా ల్యాప్‌టాప్ స్పీకర్‌ని మళ్ళీ పెట్టి, నోటిఫికేషన్లు ఆపేయండి. సీడబ్ల్యూలో డీటీఆర్ ద్వారా పంపితే కంప్యూటర్ బిజీ అయినప్పుడు అక్షరాలు తడబడతాయి. విన్‌కీయర్ (మోర్స్ పంపే చిన్న పరికరం) ఉంటే ఆ గొడవ ఉండదు, టైమింగ్ అంతా అది చూసుకుంటుంది.

యాంటెనా తలమీదే ఉండే ఇళ్ళలో 10, 15 మీటర్లలో ఆర్ఎఫ్ (మనం పంపే రేడియో శక్తి) వెనక్కి వచ్చి యూఎస్‌బీని తెంపేస్తుంది. కీబోర్డ్ బిగుసుకుపోతుంది, రేడియో స్పందించడం లేదని బాక్స్ పడుతుంది. సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు. మిక్స్ 31 రకం ఫెర్రైట్ రింగు మీద యూఎస్‌బీ కేబుల్ 6 నుంచి 8 చుట్లు వేయండి, యాంటెనా ఫీడ్ పాయింట్ దగ్గర కామన్ మోడ్ చోక్ (కేబుల్ పైపొర మీద వెనక్కి వచ్చే ఆర్ఎఫ్‌ని ఆపేది) పెట్టండి. ఎస్పీ రోడ్‌లో దొరికే పేరూ ఊరూ లేని క్లిప్-ఆన్ ఫెర్రైట్లు ఏ మిక్సో ఎవరూ చెప్పలేరు. అందులోంచి కేబుల్ ఒక్కసారి దూర్చితే 7 మెగాహెర్ట్జ్‌లో పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే అడ్డుకునే శక్తి చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది. రెండు చుట్లు వేస్తే నాలుగింతలు, మూడు వేస్తే తొమ్మిదింతలు.

ఇక అసలు సరుకు. ఎంటర్ సెండ్స్ మెసేజ్ అనే ఏర్పాటు, పొట్టిగా ఈఎస్ఎమ్, కంట్రోల్-ఎమ్ నొక్కితే ఆన్ అవుతుంది. రన్ మోడ్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీలో ఉండి మనమే పిలిచేటప్పుడు) కాల్‌సైన్ పెట్టె ఖాళీగా ఉంటే ఎంటర్ సీక్యూ (ఎవరైనా రండి అనే పిలుపు) పంపుతుంది. కాల్ టైప్ చేసి ఎంటర్ కొడితే అవతలివాళ్ళ కాల్, మన ఎక్స్‌ఛేంజ్ వెళ్తాయి. జోన్ నిండి ఉండగా ఎంటర్ కొడితే థాంక్యూ వెళ్ళి లాగ్‌లో పడుతుంది. అన్నిటికీ ఒకే కీ. పైల్‌అప్ (చాలామంది ఒకేసారి పిలవడం) తగిలినప్పుడు దీని సుఖం అనుభవిస్తేనే తెలుస్తుంది. నా లెక్కలో ఈ ప్రోగ్రామ్‌లో ఆనందానికి ఎక్కువ మార్కులు తెచ్చేది ఇదే.

కానీ ఇందులోనే ఒక ఉచ్చు ఉంది. కాల్ టైప్ చేయగానే జోన్ పెట్టెని ప్రోగ్రామ్ ముందే నింపేస్తుంది. కంట్రీ ఫైల్ (కాల్‌సైన్‌ని బట్టి దేశం, జోన్ చెప్పే పట్టిక) చూసి అంచనా వేస్తుందన్నమాట. ఈఎస్ఎమ్ ఆన్‌లో ఉంటే రెండో ఎంటర్‌కి ఆ అంచనానే లాగ్‌లో పడిపోతుంది, అవతలి ఆపరేటర్ ఏం చెప్పాడో మీ చెవి పట్టుకోకపోయినా సరే. 6 అంకె ఉన్న అమెరికా కాల్‌కి ప్రోగ్రామ్ 3 వేస్తుంది. ఆయన ఫ్లోరిడాకి మారి ఉంటే చెప్పేది 5. ఆసియా రష్యాలో 17, 18, 19 కలగాపులగంగా ఉంటాయి. జోన్ తప్పు రాస్తే ఆ కాంటాక్ట్ మీకు దక్కదు. అసలు అంచనా సరైనదే అయినా, వినని దాన్ని విన్నట్టు రాయడం ఆట కాదు. చెవిలో పడిన అంకెనీ తెరమీద అంకెనీ ఒకసారి కళ్ళతో పోల్చుకుని అప్పుడు ఎంటర్ కొట్టే అలవాటు చేసుకుంటే చాలు. వేగం పెద్దగా తగ్గదు.

చెక్ విండో ఇంకా ఆసక్తికరం. మూడు అక్షరాలు కొడితే చాలు, పాత కాంటెస్ట్ లాగుల నుంచి తయారు చేసిన మాస్టర్ ఫైల్‌లో ఆ ముక్క ఉన్న కాల్‌సైన్లన్నీ చూపిస్తుంది. అన్-అసిస్టెడ్ కేటగిరీలో కూడా దీన్ని వాడొచ్చు, ఎందుకంటే ఇది ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరున్నారో చెప్పదు, ఉట్టి పేర్ల పట్టిక. అయితే ఈ పట్టిక వల్ల దెబ్బ తినేది ఎవరో ఆలోచించండి: మొన్న మొన్న లైసెన్స్ వచ్చిన, వీయూ3తో కాల్ మొదలయ్యే మన స్టేషన్లు. వాళ్ళ కాల్ ఫైల్‌లో ఉండదు. అవతలి ఆపరేటర్‌కి తెరమీద ఏదీ కనపడదు, తానే తప్పు విన్నానేమో అనుకుని దగ్గరగా ఉన్న తెలిసిన కాల్‌ని లాగ్‌లో పెట్టేస్తాడు. ఆయనకి అది బస్టెడ్ కాల్ (తప్పుగా రాసిన కాల్). పాయింట్లు పోతాయి, పైన కోత కూడా పడుతుంది. మన కొత్త హ్యామ్ కాల్‌సైన్ అసలు లెక్కలోకే రాదు. మీరు కొత్తవాళ్ళయితే ఆయన తిరిగి చెప్పిన కాల్ శ్రద్ధగా వినండి, ఒక్క అక్షరం తేడా ఉన్నా మీ కాల్ మొత్తం మళ్ళీ ఇవ్వండి. మొహమాటపడి రోజర్ అనేయొద్దు. మీరు పాతవాళ్ళయితే, ఫైల్‌లో లేని వీయూ3 కాల్ వినబడితే ముందు మీ చెవినే నమ్మండి.

టెల్నెట్ విండో దగ్గర గీత స్పష్టం. డీఎక్స్ క్లస్టర్‌కి (హ్యాములు తాము విన్న స్టేషన్లని ప్రకటించే నెట్‌వర్క్) గానీ రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌కి (అదే పని యంత్రాలు చేసేది) గానీ కనెక్ట్ అయ్యారంటే, బ్యాండ్‌మ్యాప్‌లో (ఫ్రీక్వెన్సీల వరుస చూపే విండోలో) ఎవరు ఎక్కడున్నారో పేర్లతో సహా వచ్చేస్తుంది. అది అసిస్టెడ్ కేటగిరీ. సీడబ్ల్యూ డీకోడర్ ఆన్ చేసినా అంతే. పది నిమిషాలే చూశాను కదా అంటే కుదరదు. రేడియో స్పెక్ట్రమ్ స్కోప్ మాత్రం పరవాలేదు, అది సిగ్నల్ ఉందని చూపిస్తుంది గానీ ఎవరిదో చెప్పదు. ప్రోగ్రామ్ మీకు కాపలా ఉంటుందని అనుకోకండి. సెటప్‌లో మీరు నాన్-అసిస్టెడ్ అని ఎంచుకుంటే క్యాబ్రిల్లో ఫైల్ (పోటీకి పంపే లాగ్) హెడర్‌లో అదే రాస్తుంది. అది నిజమో కాదో మీకే తెలియాలి. అసిస్టెడ్ తక్కువ రకం కేటగిరీ ఏమీ కాదు, మొహమాటం లేకుండా అందులోనే దిగండి. కానీ స్పాట్ (నెట్‌వర్క్‌లో వచ్చిన కాల్) మీద క్లిక్ చేశాక ఆ స్టేషన్ తన కాల్ చెప్పేదాకా ఆగండి. స్కిమ్మర్ (మోర్స్‌ని తానే చదివే ప్రోగ్రామ్) ఒక చుక్క తప్పు విని పెట్టిన కాల్‌ని పదిమంది అలాగే లాగ్ చేసుకోవడం ప్రతి పోటీలోనూ జరిగే భాగోతమే.

మన దగ్గర దీనికంటే ఎక్కువగా జరిగేది వాట్సాప్. "14.210లో ఉన్నాను గురూ, ఒకసారి పిలవండి" అని లోకల్ గ్రూపులో మెసేజ్ పెట్టడం. స్నేహంగానే పెడతారు, కాదనను. కానీ ఫోన్, చాట్, సోషల్ మీడియా లాంటి రేడియోయేతర మార్గాల్లో కాంటాక్టులు అడగడం, కుదుర్చుకోవడం, నిర్ధారించుకోవడం ఈ పోటీ నియమాల్లో క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కిందే రాసి ఉంది. పోటీ తర్వాత "నా కాల్ నీ లాగ్‌లో సరిగ్గా పడిందా" అని అడగడం కూడా అందులోకే వస్తుంది. ఆ 48 గంటలు గ్రూపుని మ్యూట్ చేయడమే ఉత్తమం.

పవర్ కేటగిరీ కూడా ప్రోగ్రామ్ పరిశీలించదు. సీక్యూ వరల్డ్‌వైడ్‌లో లో పవర్ 100 వాట్లు, క్యూఆర్‌పీ (అతి తక్కువ పవర్) 5, హై పవర్ 1500 దాకా. మన జనరల్ గ్రేడ్ లైసెన్స్‌కి పరిమితి 400 వాట్లు. అంటే 400 వాట్ల యాంప్లిఫయర్ తగిలించుకుంటే 1500 వాట్లవాళ్ళతో ఒకే వరుసలో నిలబడతారు. నన్నడిగితే యాంప్ పక్కన పెట్టి లో పవర్‌లో ఆడటమే మేలు. పైగా లిఫ్ట్ మోటార్, ఎల్ఈడీ డ్రైవర్లు, సోలార్ ఇన్వర్టర్ల మధ్య ఎస్7 నాయిస్ (సిగ్నల్ మీటర్‌లో 7 దాకా లేచే రొద) ఉన్న ఇంట్లో 400 వాట్లతో సీక్యూ కొడితే, పిలిచేవాళ్ళు మీకు వినపడరు. వాళ్ళ టైమ్ వృథా, కొందరు మీరు జవాబిచ్చారనుకుని లాగ్ చేసుకుంటారు, మీ లాగ్‌లో ఆ కాంటాక్ట్ ఉండదు, కోత వాళ్ళకి. నాయిస్ ఎక్కువున్న బ్యాండ్‌లో రన్ మానేసి సెర్చ్ అండ్ పౌన్స్ (పిలుస్తున్నవాళ్ళని వెతికి జవాబివ్వడం) చేయండి.

భౌగోళికంగా మనకి జరిగే అన్యాయాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. పొద్దున్నే జపాన్ వరసగా వస్తుంది, రేట్ మీటర్ పరుగెడుతుంది, తీరా చూస్తే ఒక్కొక్కరికి 1 పాయింటే. మధ్యాహ్నం యూరప్ తెరుచుకుంటే 3. ఈ తేడాలన్నీ తీసేసి ఆపరేటర్ల నేర్పునే చూద్దామని 1990లో సియాటిల్‌లో వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ చాంపియన్‌షిప్ మొదలుపెట్టారు. అక్కడ అందరినీ ఒకే ప్రాంతంలో, ఒకే రకం యాంటెనాలతో కూర్చోబెడతారు. మనకి ఆ అవకాశం లేదు కనుక పోలిక బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ స్టేషన్లతో పెట్టుకుంటేనే మజా. అందుకు స్కోర్ రిపోర్టింగ్ ట్యాబ్ బాగా పనికొస్తుంది. ఆన్ చేస్తే మీ స్కోర్ ఆన్‌లైన్ స్కోర్‌బోర్డుకి వెళ్తూ ఉంటుంది, పక్క ఊరి స్టేషన్ మీకంటే ఎన్ని మల్టిప్లయర్లు ముందుందో అప్పటికప్పుడు కనపడుతుంది.

ఇంట్లోవాళ్ళు 48 గంటలు ఒప్పుకోరు, అది తెలిసిందే. క్లాసిక్ ఓవర్‌లే (కేటగిరీకి తోడుగా ఎంచుకునే వర్గం) ఎంచుకోండి. ఒకే రేడియో, ఏ అసిస్టెన్స్ లేకుండా, 24 గంటలే లెక్క. కనీసం 60 నిమిషాలు ఆగితేనే విరామంగా లెక్కిస్తారు, కాబట్టి భోజనానికి 40 నిమిషాలు లేచి వస్తే ఆ టైమ్ మీ 24లోంచే పోతుంది. లైసెన్స్ వచ్చి మూడేళ్ళు దాటనివాళ్ళకి రూకీ ఓవర్‌లే ఉంది.

పోటీకి రెండు రోజుల ముందు టూల్స్ మెనూలో కంట్రీ ఫైల్, చెక్ పార్షియల్ ఫైల్ (చెక్ విండో వాడే మాస్టర్ ఫైల్) కొత్తవి దించుకోండి. ప్రోగ్రామ్ అప్‌డేట్ మాత్రం శనివారం పొద్దున చేయకండి. ఇవి తరచూ వస్తాయి, ఒక్కోసారి పనిచేసేది చెడుతుంది. కంప్యూటర్ గడియారం ఇంటర్నెట్ టైమ్‌తో సరిచూసుకోండి, లాగ్ యూటీసీలో పడుతుంది.

తప్పు టైప్ చేస్తే అక్కడికక్కడే కంట్రోల్-క్యూతో వెనక్కి వెళ్ళి దిద్దండి. పోటీ అయ్యాక కాల్‌సైన్ డేటాబేసులు చూసి, రికార్డింగ్ విని, ఈమెయిల్ పెట్టి లాగ్ సవరించడం నిషిద్ధం. డూప్లికేట్లు తీసేయకండి, వాటికి శిక్ష లేదు, తీసేస్తే అవతలివాళ్ళకి నష్టం. ఏదైనా కాంటాక్ట్ మీకు వద్దనిపిస్తే డిలీట్ చేయకుండా ఎక్స్-క్యూఎస్ఓగా మార్చండి. మీ స్కోర్‌లో కలవదు, అవతలి లాగ్ సరిచూడటానికి మాత్రం పనికొస్తుంది. ఈ ప్రోగ్రామ్‌లో నాకు బాగా నచ్చిన చిన్న సదుపాయం ఇదే, వాడేవాళ్ళు చాలా తక్కువ. లాగ్ పంపడానికి గడువు 5 రోజులు. పోటీపడే ఉద్దేశం లేకపోయినా చెక్‌లాగ్‌గా (ఇతరుల లాగులు సరిచూడటానికి మాత్రమే) పంపండి.

లోపాలు: విండోలు మరీ ఎక్కువ, 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండో మానిటర్ లేకపోతే ఎంట్రీ, చెక్, లాగ్, ఇన్ఫో విండోలు ఉంచి మిగతావి మూసేయండి. మాన్యువల్ పెద్దదే గానీ కొత్తవాళ్ళకి దారీతెన్నూ దొరకదు. మ్యాక్, లినక్స్ వాళ్ళు వేరే చూసుకోవాల్సిందే. డబ్బు పెట్టగలిగితే విన్-టెస్ట్ ఉంది, ఉచితంగానే కావాలంటే డీఎక్స్‌లాగ్ ఉంది, కానీ అవి కూడా విండోస్‌వే. ఏడాదికి ఒక పోటీలో యాభై కాంటాక్టులు చేసేవాళ్ళకి ఇంత సరంజామా అనవసరం. మూడు నాలుగు వందలు దాటించాలనుకునేవాళ్ళు అక్టోబర్ దాకా ఆగకుండా, ఏదైనా చిన్న వారాంతపు పోటీలో ఈఎస్ఎమ్‌ని ముందే వేళ్ళకి అలవాటు చేసుకోండి.