శని, ఆదివారాలు దాటించే వాచ్: 80 గంటల పవర్ రిజర్వ్ వాడాక

డయల్ అందం, స్ట్రాప్, నీళ్లలో ఎంత లోతు తట్టుకుంటుంది లాంటి వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా పవర్‌మ్యాటిక్ 80 అనే మెషీన్ (వాచ్‌ని నడిపే లోపలి యంత్రం) ఉన్న, చేతి కదలికకే కీ తిరిగే ఆటోమేటిక్ వాచ్ వాడుతున్నాను. దాని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క విషయంలోనే ఉంది. శుక్రవారం సాయంత్రం తీసి పక్కన పెడితే సోమవారం పొద్దున కూడా నడుస్తూనే ఉంటుంది. పవర్ రిజర్వ్ అంటే ఇదే, నిండా కీ ఉంటే ఎన్ని గంటలు నడుస్తుందన్న లెక్క.

దీని విలువ తెలియాలంటే 40 గంటల వాచ్ వాడి ఉండాలి. శుక్రవారం రాత్రి ఏడింటికి తీస్తే ఆదివారం పదకొండింటికల్లా ఆగిపోతుంది. సోమవారం హడావుడిలో కీ ఇచ్చి, టైమ్ పెట్టి, తేదీ కూడా మార్చుకోవాలి. ఆ తేదీతోనే అసలు టెన్షన్. చాలా మెషీన్లలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీ మార్చే చక్రాలు పట్టుకుని ఉంటాయి. ఆ సమయంలో క్రౌన్‌తో (వాచ్ పక్కనుండే చిన్న గుబ్బతో) తేదీ తిప్పితే పళ్లు దెబ్బతినవచ్చు. పదకొండు దగ్గర ఆగిన ముల్లు చూపించేది పగటి పదకొండో, రాత్రి పదకొండో డయల్ చూసి చెప్పలేం. ముందు ముళ్లు తిప్పి తేదీ ఎప్పుడు మారుతుందో చూసుకుని, ఆ తర్వాతే మిగతా పని. ఇప్పుడు ఆ పనే లేదు, వాచ్ పెట్టుకుని బయల్దేరడమే.

ఈ మెషీన్‌కి మూలం ఈటీఏ కంపెనీ 2824 మెషీన్. అది గంటకి 28,800 సార్లు కొట్టుకుంటూ 38 గంటల దాకా నడుస్తుంది. పవర్‌మ్యాటిక్‌లో వేగాన్ని 21,600కి దించారు. స్ప్రింగు చుట్టుకునే ఇరుసుని సన్నం చేసి, ఎక్కువ పొడవున్న స్ప్రింగు పట్టేలా చేశారు. అందుకే సెకన్ల ముల్లు సెకనుకి ఎనిమిది అడుగుల బదులు ఆరే వేస్తుంది. నడకలో ఆ మృదుత్వం కాస్త తగ్గినా, దాదాపు రెండు రోజులు అదనంగా నడుస్తుందంటే నాకు సమ్మతమే.

అయితే ఒకసారి సర్వీసింగ్ చేయించాక ఈ సుఖమే పోయింది. సోమవారం చూస్తే వాచ్ ఆగి ఉంది. మరుసటి వారమూ అంతే. తీసుకెళ్లి అడిగితే వాచ్ నడక కొలిచే మిషన్ మీద పెట్టి చూపించారు, రోజుకి నాలుగైదు సెకన్ల తేడా కూడా లేదు. "ఆటోమేటిక్ కదండీ, చేతి కదలిక తక్కువైతే అంతే" అని పంపేశారు. ఈ జవాబు మీద నాకు ఇప్పటికీ కోపమే. అప్పుడే కీ ఇచ్చిన వాచ్‌ని మిషన్ మీద కాసేపు పెడితే అది ఆ క్షణం ఎలా నడుస్తోందో తెలుస్తుంది, ఎన్ని గంటలు నడుస్తుందో ఎలా తెలుస్తుంది? ఇంటికొచ్చి నిండా కీ ఇచ్చి, కదపకుండా పెట్టి చూశాను. రెండు రోజులు నిండకుండానే ఆగింది. చేతి కదలికకి ఇక్కడ సంబంధమే లేదు.

వేరే మెకానిక్ బ్యారెల్ (స్ప్రింగు ఉండే గుండ్రటి డబ్బా) విప్పి కారణం చూపించారు. చేత్తో కీ ఇచ్చే పాతకాలం వాచ్‌లో స్ప్రింగు నిండితే క్రౌన్ బిగుసుకుంటుంది. ఆటోమేటిక్‌లో అలా బిగుసుకోదు. స్ప్రింగు బయటి కొస బ్యారెల్ గోడని ఒరుసుకుని నిలబడుతుంది, నిండాక జారుతుంది. చేతి కదలికకి తిరిగి కీ ఇచ్చే రోటర్ ఎంత తిరిగినా స్ప్రింగు తెగకపోవడానికి కారణం ఇదే. ఎప్పుడు జారాలన్నది గోడకి రాసే ప్రత్యేకమైన గ్రీజు మీద ఆధారపడుతుంది. నా వాచ్‌లో ఆ గ్రీజు బదులు మామూలు నూనె ఉంది. "మీరు ఎంత తిప్పినా ఇది నిండదండీ, సగంలోనే జారిపోతోంది" అన్నారాయన. గోడ శుభ్రం చేసి సరైన గ్రీజు వేశాక పాత రోజులు తిరిగొచ్చాయి.

కదపకుండా పెట్టి చూసే అలవాటు మాత్రం నాకు ఉండిపోయింది. దానివల్ల ఇంకో సంగతి తెలిసింది. 80 గంటలూ ఒకే తీరుగా నడవదు. స్ప్రింగు సడలేకొద్దీ బలం తగ్గుతుంది, అటూ ఇటూ ఊగుతూ వాచ్ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గుతుంది, టైమ్ కూడా కాస్త పక్కకి జరుగుతుంది. సోమవారం నడుస్తూ ఉంటుంది గానీ, సెకన్లతో పని ఉంటే సరిచూసుకోవాల్సిందే. పైగా 80 అనేది నిండా కీ ఉన్నప్పటి లెక్క. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నాలాంటి వాళ్ల చేతికి అది నిండుతుందన్న నమ్మకం లేదు. అందుకే శుక్రవారం తీసేముందు క్రౌన్‌తో నాలుగు చుట్లు ఎక్కువే ఇస్తాను. ఎంత మిగిలిందో చూపే ముల్లు ఉంటే ఈ ఊహాగానం ఉండదు. జేజర్ లెకూల్ట్ర్ 1948లోనే ఆటోమేటిక్ వాచ్‌కి దాన్ని పెట్టింది. నా వాచ్‌లో లేదు, ఆ లోటు నాకు బాగానే తెలుస్తుంది.

ఒకే వాచ్‌ని రోజూ పెట్టుకునేవాళ్లకి 40 గంటలే చాలు, రాత్రి గడిస్తే అయిపోయింది. రెండు వాచ్‌లు మార్చుకుంటూ, వారాంతంలో చేయి ఖాళీగా ఉంచుకునే నాకు 70కి తక్కువైతే మళ్లీ కొనాలనిపించదు. సీకో 6ఆర్35, రోలెక్స్ 3235 రెండూ 70 గంటలవే. ఓరిస్ క్యాలిబర్ 400 అయితే రెండు బ్యారెళ్లతో అయిదు రోజులు నడుస్తుంది. అది నేను వాడలేదు కాబట్టి ఏమీ చెప్పను. ఏది కొన్నా, సర్వీసింగ్ నుంచి తెచ్చుకున్న వారంలోనే నిండా కీ ఇచ్చి, కదపకుండా పెట్టి ఎన్ని గంటలు నడిచిందో రాసుకోండి. గ్యారంటీ గడువు ఉండగానే తేడా తెలుస్తుంది.