ఓర్వకల్లులో దిగి, కడపలో ఎక్కి: ఏటీఆర్‌లో సీమ ప్రయాణం

విశాఖ నుంచి కర్నూలుకు విమానంలో వెళ్లామంటే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. హైదరాబాదులో దిగి బస్సెక్కారా అని అడుగుతారు. రైల్లో రాత్రంతా పోయే దూరాన్ని ఆ చిన్న విమానం గంటన్నర పైచిలుకులో దాటించేసింది. ఈసారి కర్నూలు వైపు దిగి, రోడ్డు మీద బేలం గుహలు, గండికోట చూసుకుని, కడపలో మళ్లీ విమానం ఎక్కి హైదరాబాదు వెళ్లేలా ప్లాన్ చేసుకున్నాం. రెండు వైపులా ఏటీఆర్ 72 విమానమే. చూడాల్సిన ఊళ్లు ఎన్నున్నా, నిజం చెప్పాలంటే నాకు సగం మోజు ఆ విమానం మీదే.

ఏటీఆర్ అంటే ఫ్రాన్స్, ఇటలీ కలిసి 1981లో పెట్టిన కంపెనీ. విమానాలు తయారయ్యేది ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో. ఏటీఆర్ 72 మొదటిసారి ఎగిరింది 1988లో. రెండు టర్బోప్రాప్ ఇంజిన్లు, ఒక్కోదానికి ఆరు రెక్కల ప్రొపెల్లర్. లోపల ఉండేది జెట్ లాంటి ఇంజినే గానీ, దాని శక్తి గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. వేగం గంటకు 500 కిలోమీటర్ల దరిదాపు, జెట్ కంటే బాగా తక్కువ. కానీ మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరానికి ఆ తేడా పది ఇరవై నిమిషాలకు మించదు, ఇంధనం మాత్రం చాలా మిగులుతుంది. పైగా ఎగరడానికి మామూలు పరిస్థితుల్లో 1,300 మీటర్ల పైచిలుకు రన్‌వే చాలు. కర్నూలు విమానాలు దిగే ఓర్వకల్లులో రన్‌వే 2,000 మీటర్లు. అలాంటి చోటికి ఇంతకంటే సరిపడే విమానం లేదు.

సీటు సంగతి ముందే చెప్తాను, ఎందుకంటే ఇందులో జెట్ లెక్క పనికిరాదు. ఎక్కే తలుపు వెనక ఉంటుంది, సామాను గది ముందు ఉంటుంది. అందరూ వెనకే ఎక్కుతుంటే ముక్కు పైకి లేవకుండా తోక కింద ఒక కర్ర లాంటి ఆసరా పెడతారు, మెట్ల దగ్గర వంగి చూస్తే కనిపిస్తుంది. ముందు సీటు దొరికిందని సంబరపడకండి. ప్రొపెల్లర్ల చప్పుడు అక్కడే ఎక్కువ, దిగేటప్పుడు ఆఖరు కూడా మీరే. వెనక వరసలు ప్రశాంతంగా ఉంటాయి. నాకైతే మధ్యలో కిటికీ సీటే ఇష్టం. చక్రాలు విమానం పొట్టకు రెండు పక్కలా ఉన్న ఉబ్బుల్లోంచి బయటికొస్తాయి కాబట్టి, టైరు నేలను తాకి పొగ లేవడం పక్కనే కూర్చుని చూసినట్టు ఉంటుంది. సీట్లు రెండు, రెండుగా ఉంటాయి, మధ్య సీటు గోల లేదు. నెత్తి మీద అరలు మాత్రం చిన్నవి. చక్రాల బ్యాగు పట్టకపోతే కిందే తీసుకుంటారు, మందులూ ఛార్జరూ చేతిలో పెట్టుకోండి.

ఏటీఆర్‌కు రెక్క కిటికీల కంటే పైన ఉండటం పెద్ద వరం. కిందికి చూపు ఎక్కడా అడ్డు తగలదు. మా పెదనాన్న మద్రాసులో ఉద్యోగం చేసే రోజుల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల ఫోకర్ ఫ్రెండ్‌షిప్ ఎక్కేవాడు. 1955లో మొదట ఎగిరిన ఆ డచ్చి విమానానికి కూడా రెక్క పైనే. మన కాన్పూరులో ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ తయారుచేసిన ఆవ్రో విమానానికి మాత్రం రెక్క కింద. ‘ఆవ్రోలో కూచుంటే రెక్క తప్ప ఏమీ కనపడదబ్బా’ అని ఆయన విసుగు.

విజయవాడ దాటాక నల్లమల మొదలైంది. ఏటీఆర్ ఎక్కువ ఎత్తుకు పోదు, దాని పరిమితే 25,000 అడుగులు. అందుకే కొండల మధ్య మెలికలు తిరిగే కృష్ణా, వెనకే శ్రీశైలం నీళ్లు బాగా తెలిశాయి. దిగేముందు నేల మీద నీలంగా మెరిసేది చెరువు అనుకునేరు, అది సోలార్ పార్కు. గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో పరిచిన 1,000 మెగావాట్ల ప్లాంటు, 2017లో పూర్తయింది. విమానం ఒక పక్కకు ఒరిగి తిరిగినప్పుడు పలకల వరసలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు అనిపించింది.

ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. టెర్మినల్ చిన్నది, శుభ్రంగా ఉంది, బ్యాగు కోసం పట్టుమని పది నిమిషాలు కూడా ఆగలేదు. ఇబ్బందంతా బయటికొచ్చాక. మేం దిగిన రోజు గేటు ముందు బస్సు లేదు. ఉన్న ఒకటి రెండు క్యాబుల వాళ్లు చెప్పిన రేటుకు కర్నూలు నుంచి హైదరాబాదే వెళ్లిపోవచ్చు. ముందురోజే తెలిసిన డ్రైవర్‌తో మాట్లాడుకోవడం మేలు. రాక్ గార్డెన్ దగ్గరే, సాయంత్రం పూట అయితే ఆగండి. ఇంకో మాట, హైదరాబాదు వాళ్లు కర్నూలుకు విమానం గురించి ఆలోచించనక్కర్లేదు. రోడ్డు బాగుంది, నాలుగు గంటల పని.

కర్నూలు ఊళ్లోకి వెళ్లకుండా నేరుగా బనగానపల్లె మీదుగా బేలం వైపు సాగిపోయాం. దారిలో ఉగ్గాని, బజ్జి. నల్లరేగడిలో పప్పుశనగ పచ్చగా ఉంది. బేలం గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా జనాన్ని పోనిస్తారు. డిసెంబరులో కూడా లోపల చొక్కా తడిసిపోయింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైనే కూర్చోవడం మంచిది.

గండికోటలో రెండు రకాల బస ఉంది, టూరిజం వాళ్ల హరిత హోటల్, చుట్టూ వెలిసిన ప్రైవేటు టెంట్లు. హరితలో శని, ఆదివారాలకు గదులు ముందే అయిపోతాయి, మాకూ దొరకలేదు. టెంటు తీసుకున్నాం. ఫొటోల్లో బాగానే ఉండింది. అర్ధరాత్రి దాకా డీజే, పొద్దున బాత్రూం ముందు క్యూ, రాగి సంగటి అని పెట్టింది అన్నం ముద్దకు రంగేసినట్టు ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు గదే చూసుకోండి, లేకపోతే జమ్మలమడుగులో పడుకుని తెల్లవారుజామున బయల్దేరండి. ఎర్రమల కొండల్ని పెన్నా కోసిన ఆ లోయ మీద ఎండ పడే వేళకు అక్కడుంటే చాలు. జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ గుడి తిరగడానికి ఒక పూట సరిపోతుంది.

కడపలో బస సాదాసీదా లాడ్జిలో. ఏసీకి విడిగా డబ్బులు అడగడం తప్ప ఫిర్యాదు లేదు. పొద్దున్నే కారం దోసె తిన్నాక ఆ కోపం కూడా పోయింది.

కడప విమానాశ్రయం నాకు పాత పరిచయం. 2015లో తెరిచారు. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే కేంద్రం వాళ్ల ఉడాన్ పథకం కింద ప్రధాని జెండా ఊపిన రూట్లలో కడప-హైదరాబాదు ఒకటి, నడిపింది ట్రూజెట్ అనే విమాన సంస్థ. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అన్న మాట విని అమ్మను మొదటిసారి విమానం ఎక్కించింది అప్పుడే. కుడిపక్క ప్రొపెల్లర్ కదలకుండా ఉంది, ఇంజిన్ మాత్రం హోరుమంటోంది. ‘ఏమప్పా, ఆ ఫ్యాను తిరగడం ల్యా, చెడిపోయిందేమో వాళ్లకు చెప్పుపో’ అని నా మోచెయ్యి గిల్లింది. అది చెడిపోవడం కాదు. పెద్ద జెట్లలో నేల మీద కరెంటుకూ ఏసీకీ తోకలో విడిగా చిన్న ఇంజిన్ ఉంటుంది. ఏటీఆర్‌లో అది లేదు. కుడి ఇంజిన్‌ను నడుపుతూనే ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఆ పని చేయించుకుంటారు. పైలట్లు దీన్ని హోటల్ మోడ్ అంటారు. ఎంత చెప్పినా అది తిరిగేదాకా అమ్మ బెల్టు పెట్టుకోలేదు. అప్పుడు మే నెల, మధ్యాహ్నం ఫ్లైటు. వేడిగాలి పైకి తంతుంటే నల్లమల దాటేదాకా కుదుపులే. సీమ ఎండల్లో పొద్దుటి ఫ్లైటే ఎక్కాలని ఆ రోజే తీర్మానించుకున్నాం.

2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయింది, తర్వాత కడపకు ఇండిగో ఏటీఆర్‌లు వచ్చాయి. ఈసారి చలికాలం పొద్దున కాబట్టి కుదుపు లేదు. లేస్తూనే కింద పెన్నా కనిపించింది, ఇసుకే ఎక్కువ, నీళ్లు సన్నటి పాయ. కడప నుంచి హైదరాబాదుకు రోడ్డయితే నాలుగు వందల కిలోమీటర్లు. ఈ వైపు టికెట్ కొంచెం ఎక్కువైనా నేను విమానమే ఎక్కుతాను. రోజులూ వేళలూ సీజన్‌ను బట్టి మారుతుంటాయి, బసలు బుక్ చేసేముందు అవి చూసుకోండి. శంషాబాద్‌లో ఏటీఆర్‌ను దూరంగా ఆపి టెర్మినల్‌కు బస్సులో తెచ్చారు. అక్కణ్ణుంచి వేరే టికెట్ మీద ఇంకో ఫ్లైటు పట్టుకోవాలంటే మధ్యలో కనీసం రెండు మూడు గంటలు ఉంచుకోండి.