పాస్‌పోర్టు లేకుండా ఆరేళ్లు: మ్యూజియం వెబ్‌సైట్లలో కలంకారీ

తిరుపతిలో కూర్చుని లండన్, న్యూయార్క్, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియాల్లో ఉన్న మన కలంకారీ గుడ్డల మీద రీసెర్చ్ చేయొచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా. చేయొచ్చు. ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే, ఇంతవరకు పాస్‌పోర్టు కూడా తీసుకోలేదు. ఈ సైట్లకు ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎక్కడ కోశానో కూడా చెప్తా.

అన్నిటికంటే నచ్చింది జూమ్. చాలా మ్యూజియాలు ఇప్పుడు ట్రిపుల్ ఐ ఎఫ్ (IIIF) అనే పద్ధతిలో ఫోటోలు పెడుతున్నాయి. పెద్ద ఫోటోను చిన్న చిన్న పలకలుగా కోసి, మనం ఏ మూల చూస్తున్నామో ఆ ముక్కలు మాత్రమే పంపుతుంది కాబట్టి సాయంత్రం మా వీధిలో నెట్ నత్తనడక నడిచేటప్పుడు కూడా పని ఆగదు. మిరాడార్ అనే ఉచిత వ్యూయర్‌లో రెండు దేశాల్లో ఉన్న గుడ్డల్ని పక్కపక్కన పరిచి చూడొచ్చు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో కాపీరైట్ లేని వస్తువుల ఫోటోల్ని ఎవరైనా ఎలాగైనా వాడుకోండని వదిలేసింది, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం అంతకుముందే ఆ దారి పట్టింది. ఫోటో కోసం ఫీజు కట్టి, ఉత్తరాలు రాసి, నెలలు కాచుకున్న మా సీనియర్లకు ఈ మాట చెబితే నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తారు.

సెర్చ్ మాత్రం తలనొప్పి. కలంకారీ అని కొడితే దొరికేవి కొన్నే. డచ్చివాళ్లు సిట్స్ అంటారు, ఇంగ్లిషువాళ్లు చింట్జ్, పాలంపోర్ అంటారు, జపాన్‌లో సరసా, వాటిలో చాలా మన తూర్పువైపు కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కి పోయిన గుడ్డలే. శ్రీకాళహస్తి తెరలు వాటితో కలిసేవి కావు, గుడిలో కట్టుకోవడానికి రామాయణం, భారతం గీసినవి, కాబట్టి ఒక్కోచోట వాటిని వస్త్రాల కింద కాక దేవుడి బొమ్మల కింద వేసి ఉంటారు. కాళహస్తికి ఇంగ్లిషు స్పెల్లింగులే నాలుగైదు. వీటికోసం నేను పెట్టుకున్న నోటుబుక్ సగం నిండింది. ఇక ఫోన్‌లో ఫోటోతో వెతికితే వచ్చేవి మిషన్ ప్రింట్ దుపట్టాలు, కుర్తాలు, అంతే.

రంగుల విషయంలో నేనే బోర్లాపడ్డాను. కొన్ని వారాలపాటు ఎరుపులన్నీ ఇటుక రంగు కలిసినట్టున్నాయని తెగ రాసుకున్నా, తీరా చూస్తే లాప్‌టాప్‌లో నైట్ మోడ్ ఆన్‌లో ఉంది! ఆ నోట్స్ మొత్తం కొట్టేశాను. కొలతలతోనూ ఇదే బాధ, స్క్రీన్ మీద అన్నీ అరచేతంతే. అందుకని ఇప్పుడు మ్యూజియం ఇచ్చిన కొలతలు చూసి మిద్దె మీద ముగ్గుపిండితో ఆ సైజు గీసుకుంటా. మా అమ్మకు మొదట్లో పిచ్చిపనిలా అనిపించింది, ఇప్పుడు టేపు రెండో చివర తనే పట్టుకుంటుంది.

అసలు ఈ సైట్లు దేనికి పనికొస్తాయో, దేనికి పనికిరావో నాకు తెలిసింది కాళహస్తిలో. నలభై ఏళ్లుగా కలం పట్టిన ఒక పెద్దాయన దగ్గరికి ట్యాబ్ తీసుకెళ్లి, పంతొమ్మిదో శతాబ్దపు తెర ఒకటి చూపించాను. వేళ్లతో స్క్రీన్ సాగదీయడం రెండు నిమిషాల్లో పట్టేశాడు. నల్లగీత ఒకటి పెద్దది చేసి, ఇక్కడ లావుగా ఉంది చూడు, కలానికి చుట్టిన ఉన్నిని అప్పుడే కసింలో ముంచి ఒత్తాడు, ఇదిగో ఇక్కడికొచ్చేసరికి సన్నబడింది, మళ్లీ ముంచాడు, అని గీత పొడుగునా చెప్పుకుంటూ పోయాడు. ఆ గీతను నేను ఎన్నోసార్లు చూశాను, నాకు కనిపించింది గీత మాత్రమే. కసిం అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానేసి చేసే ద్రావణం, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. అది ఎక్కువైతే కొన్నేళ్లకు గుడ్డను తినేస్తుంది కూడా. ఇంతా చెప్పి, "పాపా, దీని వెనకపక్క ఏదీ?" అన్నాడు.

వెనకపక్క లేదు. నేను చూసిన సైట్లలో ఎక్కడో ఒకటి తప్ప లేదు. రంగు ఎంత దిగింది, అతుకు ఎక్కడ వేశారు, ఎవరైనా తర్వాత దిద్దారా అనేది వెనకే కదా తెలిసేది. ఒక మార్కు అక్కడ పోయింది.

మిగతా సగం భాషకు. ఈ తెరల మీద బొమ్మల కింద పట్టీలో తెలుగులో కథ రాసి ఉంటుంది. ఒక మ్యూజియం రికార్డులో "తెలుగు లిపిలో రాత ఉంది" అని ఊరుకున్నారు, ఏమి రాసుందో లేదు. జూమ్ చేసి నేను ఒక్కో పట్టీ చదివాను, పాత అక్షరాలు, మాటల మధ్య ఖాళీ ఉండదు, మొదట్లో కళ్లు లాగేశాయి. చదివాక తెలిసింది, వాళ్లు ఒక దృశ్యానికి వేరే పేరు పెట్టారని. మెయిల్ పెట్టాను. ఐదు నెలలకు జవాబొచ్చింది, రికార్డు మార్చారు, థాంక్స్ కూడా చెప్పారు. మన దగ్గర కూడా సాలార్ జంగ్ లాంటి కేంద్ర మ్యూజియాలు కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ వాళ్లు మ్యూజియాల కోసం చేసిన జతన్ సాఫ్ట్‌వేర్‌తో ఒకే పోర్టల్‌లోకి వచ్చాయి, అది సంతోషమే. కానీ మా వైపు ఒక చిన్న మ్యూజియంలో రిజిస్టర్ చూపించమంటే, బీరువా తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ సెలవే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫోటో దించుకున్నప్పుడు దాని రికార్డు నంబరు, తేదీ అదే ఫైలు పేరులో పెట్టుకోండి, లింకులు ఎప్పుడు చచ్చిపోతాయో చెప్పలేం. వెనకపక్క ఫోటో కావాలని నేను మూడు మ్యూజియాలకు రాశాను. ఒకరు పంపారు, కాస్త మసకగా ఉంది, అయినా పర్లేదు. ఆదివారం ట్యాబ్ ఫుల్ చార్జ్ చేసుకుని కాళహస్తి వెళ్తున్నా, పోయినసారి మధ్యలో ఆగిపోయిందని పెద్దాయన ఇంకా అంటూనే ఉన్నాడు.