చిక్కడపల్లిలో నాలుగు ఆదివారాలు, ఒక ఖాళీల కథ

ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పాను. ‘ఖాళీలను పూరింపుము’ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. అదే పనిని కంప్యూటర్ చేత చేయించడం నేర్పుతారని తెలిసి, ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలితో పాటు నేనూ ఈ తరగతిలో చేరాను. ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ చిక్కడపల్లి. దిగి ఐదు నిమిషాలు నడిస్తే ఒక సందులో, రెండో అంతస్తులో ఉంటుంది. నాలుగు ఆదివారాలు, రోజుకు రెండు గంటలు, మనిషికి 1,200 రూపాయలు.

నేర్పేది పైథాన్. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన కంప్యూటర్ భాష ఇది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా ఇంట్లో కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. రాయించే ఆట కూడా పాతదే. అమెరికాలో లియోనార్డ్ స్టెర్న్, రోజర్ ప్రైస్ అనే ఇద్దరు 1958లో మ్యాడ్ లిబ్స్ పేరుతో పుస్తకంగా తెచ్చారు. కథ చూపించకుండా ముందు మాటలు అడుగుతారు, తర్వాత వాటిని కథలోని ఖాళీల్లో పెట్టి చదువుతారు. ప్రోగ్రాంలోనూ అంతే. ‘ఇన్‌పుట్’ ఆటగాణ్ణి ఒక మాట అడుగుతుంది, ఆ మాటను మనం ఒక పేరు కింద దాచుకుంటాం, ‘ప్రింట్’ దాన్ని వాక్యంలో కూర్చి చూపిస్తుంది. వాక్యానికి ముందు ఎఫ్ అనే అక్షరం పెట్టి, దాచుకున్న పేరును మీసాల బ్రాకెట్లలో రాయాలి. ఎఫ్ మరిచిపోతే కథలో మాటకు బదులు బ్రాకెట్లే కనిపిస్తాయి. మొదటి రోజు దాదాపు అందరమూ మరిచిపోయాం.

ఈ తరగతి గొప్పతనం నాకు తెలిసింది రెండో ఆదివారం. మా కథ ఇలా మొదలవుతుంది: ‘ఒక కోతి ____కి వెళ్ళి మామిడిపండ్లు తెచ్చింది.’ ఖాళీకి ‘చోటు’ అని పేరు పెట్టాం. పైథాన్‌లో 2008లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ఇలాంటి పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. మా మనవరాలు ‘ఇల్లు’ అని కొట్టింది. తెర మీద ‘ఒక కోతి ఇల్లుకి వెళ్ళి’ అని వచ్చింది. పక్క పిల్లవాడు ‘ఊరు’ ఇస్తే ‘ఊరుకి’, ఇంకొకరు ‘ఏరు’ ఇస్తే ‘ఏరుకి’. పిల్లలు గొల్లున నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. ఇవి మేము తొమ్మిది, పది తరగతులకు చెప్పే ఔపవిభక్తికాలు! విభక్తి చేరేటప్పుడు ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఊరు ‘ఊరి’ అవుతుంది, ఏరు ‘ఏటి’ అవుతుంది. ఇ, టి, తి అని పిల్లలు వల్లె వేస్తారే తప్ప అవి లేకపోతే వాక్యం ఎలా కుంటుతుందో ఎప్పుడూ కళ్ళారా చూడరు. ఇక్కడ చూశారు.

మాస్టారికి పాతికేళ్ళుంటాయి. విషయం దాటవేయకుండా మార్కర్ తెచ్చి నా చేతిలో పెట్టి, “టీచర్ గారూ, ఇది మీ పాఠం, మీరే చెప్పండి” అన్నారు. పది నిమిషాలు చెప్పాను. తర్వాత ఆయన రెండు దారులు చూపించారు. ఒకటి, ‘ఒక చోటు చెప్పండి’ అని కాకుండా ‘ఎక్కడికి?’ అని అడగడం. అలా అడిగితే ఆటగాడే ‘ఇంటికి’ అంటాడు, కథలో ‘కి’ రాయనక్కరలేదు. ఇంగ్లీషు ఆటలో ‘నామవాచకం ఇవ్వండి’ అంటే సరిపోతుంది, ఎందుకంటే అక్కడ విభక్తి విడిగా ముందు నిలబడుతుంది. మన భాషలో అది మాటను అంటుకుంటుంది, ఒక్కోసారి మాటనే మార్చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తెలుగులో ప్రశ్నతో అడిగే పద్ధతే సరైనదని నా గట్టి అభిప్రాయం.

రెండో దారి మూడో వారం వచ్చింది. పైథాన్‌లో డిక్షనరీ అనేది ఒకటుంది. ఇటు ‘ఇల్లు’, అటు ‘ఇంటి’ అని జతలు రాసిపెట్టుకుంటే, మాట జాబితాలో ఉంటే మారిన రూపం తీసుకుంటుంది, లేకపోతే ఇచ్చిన మాటనే వాడుతుంది. అక్కడా ఒక చిక్కు ఎదురైంది. ఎవరో ‘చార్మినార్’ అని ఇచ్చారు. ‘కి’ చేరగానే ‘చార్మినార్కి’ అయి, ‘ర’ కింద ‘క’ వత్తు పడింది. పొల్లు పక్కన హల్లు వస్తే కంప్యూటర్ వాటిని జంట కడుతుంది. రెంటి మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, పెడితేనే ‘చార్మినార్‌కి’ అని విడిగా నిలుస్తుంది. మాట పొల్లుతో ముగిసిందేమో చూసి దాన్ని చేర్చే రెండు వరుసలు మాస్టారు మా చేతనే రాయించారు. ఓపిక ఉన్న గురువు ఎలా ఉంటారో నాకు తెలుసు. ఈయన అలాంటివారే.

కోతి తెచ్చిన పండ్లను రెండింతలు చేయబోతే ఐదు కాస్తా 55 అయిన సంగతి కూడా చెప్పాలి. ఇన్‌పుట్ తెచ్చేది ఏదైనా దానికి అక్షరాలే, అంకె కావాలంటే మనం మార్చుకోవాలి. ఇది బాగానే చెప్పారు, కానీ నాలుగో వారం చివర్లో హడావిడిగా. ఆ పాఠానికి ఇంకో అరగంట ఇవ్వాల్సింది.

లోపాలు లేకపోలేదు. పదకొండు మందికి ఎనిమిది కంప్యూటర్లు. వాటిలో రెండింట్లో తెలుగు కీబోర్డు లేదు, మొదటి రోజు అరగంట దానికే పోయింది. రాసిన ప్రోగ్రాం ఇంటికి పంపే ఏర్పాటు లేదు, పెన్ డ్రైవ్ తీసుకెళ్ళండి. పంచిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివే ఇద్దరు పిల్లలు వాటిని మడిచి సంచిలో పెట్టుకోవడం చూసి నాకు బాధ కలిగింది. నోటితో అంత చక్కగా తెలుగులో చెప్పే మనిషి చేతికిచ్చే కాగితం ఎందుకు తెలుగులో ఉండకూడదు?

అయినా పంపమనే చెబుతాను, అందులోనూ ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే పిల్లల్ని. తరగతులు అయిపోయి మూడు వారాలైంది. మా మనవరాలి డిక్షనరీలో ముప్ఫై ఆరు జతలున్నాయి. నిన్న రాత్రి వంటింట్లోకి వచ్చి, “అమ్మమ్మా, రోలు రోటి అవుతుంది కదా, పచ్చడిలో లాగా” అని అడిగి మరీ చేర్చుకుంది.

నిర్వాహకులకు ఒక మాట. వచ్చే తరగతి నాటికి ఆ రెండు కంప్యూటర్లు సరిచేయించండి. కాగితాలు తెలుగులో రాసిపెట్టే పని నాకు అప్పగించండి, డబ్బు అక్కరలేదు. నా ఫోను నంబరు మీ రిజిస్టర్‌లో ఉంది.