పాత అంబాసిడర్‌కి డీజిల్ ఇంజన్ వేయించాలా, ఉన్న పెట్రోలు ఇంజన్‌నే బాగుచేయించాలా: ఏది మేలు?

ఇంట్లో తాతల నాటి పెట్రోలు అంబాసిడర్ ఉన్నవాళ్లకి ఏదో ఒక రోజు ఈ ప్రశ్న తప్పదు. ఇంజన్ నీలం పొగ వదులుతుంటుంది, లీటరుకి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు వస్తే గొప్ప, పైగా ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. "ఎందుకండీ ఈ గోల, ఓ డీజిల్ ఇంజన్ ఎక్కించేస్తే పీడా పోతుంది" అని షెడ్డులో ఎవరో ఒకరు అంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. బండి ఆదివారాలకీ పెళ్లిళ్లకీ బయటికి తీసేదైతే ఆ పెట్రోలు ఇంజన్‌నే ఓవరాలింగ్ చేయించుకోండి. రోజూ తిరగాలి, డీజిలే కావాలి అంటే కంపెనీ నుంచే డీజిల్‌తో వచ్చిన అంబాసిడర్ ఇంకోటి చూసుకోండి. తాతగారి బండిని కోసి డీజిల్ చేయించడం నా లెక్కలో ఆఖరి దారి.

ఒకప్పుడు ఈ లెక్క వేరు. 1980లు, 90లలో పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో చాలా తేడా ఉండేది. టాక్సీ తిప్పేవాడికి ఆ తేడాయే లాభం. అందుకే చేతికి అందిన డీజిల్ ఇంజన్ ఏదైనా అంబాసిడర్ బానెట్ కిందకి చేరింది. దాని ఇంజన్ గది ఎంత విశాలమంటే మెకానిక్ లోపలే ఓ కాలు పెట్టి నిలబడి పని చేసుకోవచ్చు, ఏ ఇంజనైనా ఎలాగోలా పడుతుంది. తర్వాత 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిల్ మీద ప్రభుత్వ ధరల అదుపు పోయింది. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107, డీజిల్ 95 చొప్పున లెక్క వేసుకుంటే తేడా 12 రూపాయలే.

మైలేజీ కూడా కలిపి చూద్దాం. పెట్రోలు బండి లీటరుకి 9 ఇస్తే కిలోమీటరుకి దాదాపు 12 రూపాయలు. డీజిల్ 13 ఇస్తే 7 రూపాయల 30 పైసలు. అంటే కిలోమీటరుకి నాలుగున్నర మిగులుతుంది, కాదనను. కానీ ఇంజన్ మార్పిడికి, ఓవరాలింగ్ కంటే అదనంగా లక్ష అయిందనుకోండి, ఆ లక్ష తిరిగి రావాలంటే 22 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి పదకొండేళ్లు! ఈలోపు డీజిల్‌ని ఇంజన్‌లోకి చిమ్మే నాజిళ్లు, పంపు ఒక్కసారైనా సర్వీసుకి వెళ్లకుండా ఉండవు. అదే నెలకి రెండు వేలు తిరిగేవాడికైతే ఏడాది లోపే వచ్చేస్తుంది. ఎంత తిరుగుతారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

సరే, ఎన్ని కష్టాలైనా డీజిలే అనుకుంటే ముందున్నవి రెండు ఇంజన్లు. మొదటిది అంబాసిడర్ సొంత డీజిల్, అంటే మార్క్ 4 మోడల్ కాలంలో వచ్చిన 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్. పెట్రోలు ఇంజన్ కూడా బీఎంసీ 1489 సీసీయే, రెండూ ఒకే కుటుంబం. అందువల్ల మౌంటింగులూ గేర్ బాక్సూ పెద్దగా పేచీ పెట్టవు, స్టీరింగ్ గేరు (స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డు) స్టీరింగ్ గేరుగానే ఉంటుంది, బాడీకి గ్యాస్ కట్టర్ తగలదు. పేచీ అంతా బలంతోనే. ఆ డీజిల్ ఇచ్చేది 37 హార్స్ పవర్, లాగాల్సింది టన్ను దాటిన బండిని. ఏసీ వేసి ఐదుగురు ఎక్కితే ఫ్లైఓవర్ మీద కూడా మూడో గేరు వేయాల్సిందే. చలికాలం పొద్దున్నే ఇంజన్‌ని వేడిచేసే హీటర్ వేసి, కాసేపు ఆగి, సెల్ఫ్ కొడితే తెల్ల పొగతో లేస్తుంది. స్లోలో పెట్టినప్పుడు అద్దాలు, గేరు రాడ్డు, డ్యాష్ బోర్డు మీద దేవుడి బొమ్మ అన్నీ వణుకుతాయి. పాత టాక్సీ డ్రైవర్లకి ఆ శబ్దం జోలపాట. ఇంట్లోవాళ్లకి మాత్రం మొదటి ప్రయాణంలోనే తలనొప్పి.

రెండోది ఇసుజు 2 లీటర్ల డీజిల్. అదే కంపెనీ కారు కాంటెస్సాలోనూ తర్వాతి అంబాసిడర్లలోనూ కంపెనీయే వేసింది. నడపడానికి ఇది చాలా నయం. హైవే మీద ఎనభైలో నిలకడగా పోతుంది, లీటరుకి 13, 14 ఇస్తుంది. కాకపోతే దీని వెంట ఐదు గేర్ల ఫ్లోర్ బాక్స్ (గేరు రాడ్డు ఫ్లోరు మీంచి వచ్చేది) వస్తుంది. పాత స్టీరింగ్ గేరు బండిలో పెట్టాలంటే ఫ్లోరు కోయాలి, బాక్సుని కింద మోసే అడ్డపట్టీ (క్రాస్ మెంబర్) మార్చాలి, వెనక చక్రాలకి బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేసి బ్యాలెన్సింగ్ చేయించాలి. ముందు సీటు సోఫాలా ఒకటే ముక్కగా ఉంటుంది కాబట్టి ఫ్లోర్ గేరు రాడ్డు సరిగ్గా మధ్యలో కూర్చునేవాళ్ల మోకాళ్ల దగ్గర తేలుతుంది. ఒకసారి కోశాక మళ్లీ పాత రూపం తెప్పించడం మాటలు కాదు. ఇంకో సంగతి, దీనికి టైమింగ్ బెల్ట్ ఉంటుంది. స్క్రాప్‌లో తెచ్చిన ఇంజన్ అయితే ఆ బెల్ట్ ఎప్పటిదో ఎవరికీ తెలియదు, బండి ఎక్కించకముందే కొత్తది వేయించాలి.

ఇంజన్ ధర మాట్లాడుకునేటప్పుడు ఎవరూ చెప్పని ఖర్చులు కొన్ని ఉన్నాయి. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ. అంబాసిడర్ ముందు భాగంలో స్ప్రింగులు ఉండవు, మెలితిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు ఉంటాయి. వాటిని సెట్ చేయకపోతే బండి ముక్కు కిందికి దిగి, స్టీరింగ్ బరువెక్కి, టైర్లు ఒక పక్క అరుగుతాయి. పాత డైనమో, చిన్న బ్యాటరీ డీజిల్ సెల్ఫ్‌ని తిప్పలేవు, ఆల్టర్నేటరూ పెద్ద బ్యాటరీ కావాలి. మిగిలిన డీజిల్ ట్యాంకులోకి వెనక్కి వచ్చేలా రిటర్న్ లైను వేయాలి, తుప్పు పట్టిన పాత ట్యాంకునే ఉంచితే ఆ తుప్పు ఫిల్టర్‌ని మూసేస్తుంది. ముఖ్యంగా బ్రేకు! పవర్ బ్రేక్ ఉన్న బండి అయితే, బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ పెట్రోలు ఇంజన్ మానిఫోల్డ్ (గాలి పీల్చే గొట్టం) నుంచి వచ్చినట్టు డీజిల్‌లో రాదు, విడిగా వాక్యూమ్ పంపు పెట్టాలి. మేస్త్రి "తర్వాత చూద్దాంలే" అంటే బండి షెడ్డు దాటనివ్వకండి.

ఇక పెట్రోలు వైపు. ఓవరాలింగ్ అంటే బోరింగ్, ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, హెడ్డు పని. దేశమంతా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. అంతకుముందు ఆ సీసమే వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది. కాబట్టి హెడ్డు లేత్‌కి వెళ్లినప్పుడే ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించేయండి, మళ్లీ ఆ గొడవ ఉండదు. ఇథనాల్ సంగతికొస్తే, జనం భయపడేంత ప్రమాదం కాదు గానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. పాత రబ్బరు పైపులూ పెట్రోలు పంపులోని డయాఫ్రమ్మూ మెత్తబడి చీలిపోతాయి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపిన ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు, కొత్త డయాఫ్రమ్, కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ కాస్త పెద్దది, ఈ మూడు చేస్తే చాలు. ఈ ఖర్చు డీజిల్ మార్పిడిలో ఒక్క గేర్ బాక్స్ పనికి కూడా సరిపోదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బోరింగ్, గ్రైండింగ్ పనికి ఊరు దాటక్కర్లేదు. విడిభాగాలు ఇంకా తిరుగుతున్నాయి, 2014 దాకా తయారైన బండి కదా మరి.

కాగితాల దగ్గర డీజిల్ పూర్తిగా వెనకబడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలతో ఆర్సీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. వేరే ఇంధనానికి మార్చుకునే వెసులుబాటు ఉంది గానీ అది ఆమోదం పొందిన కిట్లకి. స్క్రాప్‌లో తెచ్చిన ఇసుజుకి అలాంటి కాగితం ఎక్కడ తెస్తారు? 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ని గట్టిగానే చదివింది, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదనే చెప్పింది. ముందుగా ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజన్ దింపేసి, తర్వాత బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి బతిమాలుకోవడం టెన్షన్ తప్ప ఇంకేం కాదు. బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ రోజున అసలు కథ మొదలవుతుంది.

బండి యాభై ఏళ్లు దాటిందా? అయితే ఇంకో నష్టం ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత కారుకి వీఏ సిరీస్ నంబరు తీసుకోవచ్చు. ఇంజన్, ఛాసిస్, బాడీ అసలు రూపంలో ఉంటేనే. డీజిల్ వేసిన రోజే ఆ తలుపు మూసుకుపోతుంది. అయితే వీఏ నంబరుతో ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజువారీ తిరగడానికి లేదు, కాబట్టి బండిని రోజూ వాడేవాళ్లు ఇది చూసి బాధపడక్కర్లేదు.

పాత జీపు సంగతి వేరు. మహీంద్రాయే పెట్రోలు జీపుల తర్వాత ప్యూజో డీజిల్, ట్రాక్టరు తరహా డీజిల్ ఇంజన్లు వేసి అమ్మింది. కాబట్టి అక్కడ డీజిల్ ఇంజన్ ఇంటి మనిషే, పొలం దారుల్లో తిరిగే జీపుకి నేనూ డీజిలే అంటాను. ప్రీమియర్ పద్మిని కారుకి మాత్రం వద్దు. దాని డీజిల్ మోడల్లో వచ్చిన ఇటలీ ఇంజన్‌కి ఇప్పుడు సామాన్లు వెతకడమే ఒక ఉద్యోగం. ఎలక్ట్రిక్ కిట్ గురించి అడుగుతారు, ఆమోదం ఉన్న కిట్ మీ మోడల్‌కి దొరికితే కాగితాల వరకు డీజిల్ కంటే అదే నయం, ధర మాత్రం వేరే లోకం.

ఆఖరికి డీజిల్ మార్పిడి ఎవరికి పనికొస్తుందంటే, పెట్రోలు ఇంజన్ బ్లాకు పగిలిపోయి, బాడీ మాత్రం గట్టిగా ఉండి, నెలకి వెయ్యి, రెండు వేలు తిరిగే అవసరం ఉండి, ఆర్టీవో నుంచి రాతపూర్వకంగా అనుమతి చేతికొచ్చినవాళ్లకి. వాళ్లు కూడా బీఎంసీ డీజిల్‌నే చూసుకోవడం మంచిది, బాడీ కోయక్కర్లేదు.

ఎవరో ఇదివరకే డీజిల్ వేసేసిన అంబాసిడర్ మీకు అమ్మకానికి వస్తే, బాడీ మెరుపు చూడకముందు బానెట్ ఎత్తండి. బ్లాకు మీద కొట్టిన ఇంజన్ నంబరుని గుడ్డతో తుడిచి ఆర్సీతో అంకె అంకె సరిచూడండి. ఆర్సీలో ఇంధనం దగ్గర పెట్రోలు అని ఉండి కింద డీజిల్ కొట్టుకుంటుంటే, ఎంత చవగ్గా ఇచ్చినా బయానా ఇవ్వకండి. ఆ కాగితం సరిచేయించడం అమ్మేవాడి పని.